పగలడానికి చేసిన గిటార్లు

మహబూబ్ ఎడమచేతి వేళ్ళు రెండు పోయింది తొంభై మూడు ఆగస్టులో. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో రేకు డబ్బాలు చేసే ఒక కంపెనీలో అతను ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు. పొద్దున పదకొండు గంటల వేళ, రేకు సర్దుతుండగా ప్రెస్సు దిగింది. చూపుడువేలు, నడిమివేలు మొదలుదాకా పోయాయి.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ప్యాకింగ్ షెడ్డులో చెక్కపెట్టెలు కొట్టే వడ్ల లింగం. భుజం మీది తువ్వాలతో ఆ చేతిని బిగించి కట్టాడు. మణికట్టు పట్టుకొని పైకెత్తి, ఆటో ఆసుపత్రి చేరేదాకా ఆ చేతిని కిందికి దించలేదు. దారిలో మహబూబ్ కళ్ళు తెరిచి ఒకటే మాట అడిగాడు.

"అన్నా, ఏ చెయ్యి?"

"ఎడమ చెయ్యే తమ్మీ. కుడిది మంచిగున్నది. ఏం పరేషాన్ గాకు."

మహబూబ్ "ఎడమదా" అని తల పక్కకు వాల్చేశాడు. లింగం ధైర్యం చెప్పాననే అనుకున్నాడు. గిటారు వాయించేవాడికి పాటంతా ఎడమచేతి వేళ్ళలోనే ఉంటుందనీ, తీగెలు నొక్కేది ఆ వేళ్ళేననీ అతనికి తెలిసింది చాలా రోజుల తర్వాత. అప్పుడు ఆటోలో తానన్న మాట గుర్తొచ్చి ఒక పూట అన్నం సయించలేదు.

మహబూబ్ సంగారెడ్డిలో చర్చిలో వాయించే ఒక మాస్టారు దగ్గర గిటారు నేర్చుకున్నాడు. పటాన్‌చెరు బస్టాండు వెనక టెంట్ హౌస్ నడిపే సంగప్పకు ఒక ఆర్కెస్ట్రా కూడా ఉండేది. ఆదివారాలు అందులో వాయించేవాడు. మిగతా రోజుల్లో కంపెనీకి కూడా గిటారు తెచ్చుకొనేవాడు. భోజనం గంటలో ప్యాకింగ్ షెడ్డు నీడన కూర్చొని, అన్నం తిన్నాక మిగిలిన పావుగంట వాయించేవాడు. ఆ వేళకు లింగం తన పని మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఒకరు గిటారుతో, ఒకరు రంపంతో, పెద్దగా మాటలు లేకుండానే మూడేళ్ళు అలా పక్కపక్కన గడిపారు.

చెయ్యి మానాక కంపెనీ మహబూబ్‌ను స్టోర్ రూములో కూర్చోబెట్టింది. గిటారును భార్య గౌసియా బేగం పాత దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టింది. మహబూబ్ మళ్ళీ ఆ దుప్పటి విప్పలేదు. సంగప్ప హైదరాబాద్ నుంచి కొత్త గిటారిస్టును తెచ్చుకున్నాడు. తప్పేం లేదు, పెళ్ళిళ్ళు ఎవరి కోసమూ ఆగవు.

మరుసటి ఏడు సంగప్ప ఇంటికి కేబుల్ టీవీ వచ్చింది. అందులో విదేశీ బ్యాండువాడెవడో పాటలన్నీ అయ్యాక గిటారును నేలకేసి కొట్టి ముక్కలు చేయడం చూశాడు. అక్కడి జనం పిచ్చెత్తినట్టు కేకలు వేశారు. సంగప్పకు ఆ కేకలే చెవుల్లో నిలిచిపోయాయి. కొత్త గిటారిస్టును అడిగితే, వాయించడం వరకే తన పనని మాట పూర్తికాకముందే తేల్చేశాడు. అప్పుడు సంగప్ప మహబూబ్ ఇంటికొచ్చాడు.

"మహబూబ్ భాయ్, నువ్వు మళ్ళ స్టేజి ఎక్కాలె."

"ఏం వాయించాలె సేట్? చెయ్యి సూస్తివి గద."

"వాయించుడు కాదు. పగలగొట్టుడు. ఆఖరి పాటల గిటార్ పట్టుకోని నిలవడు. పాట అయిపోంగనే నేలకు కొట్టు. గంతే."

లోపలి గది తెర వెనకనుంచి గౌసియా అన్నది: "ఇన్నేండ్లు రోటీ పెట్టిన సామాన్‌ను పగలగొడ్తరా సంగప్ప భాయ్?"

"నిజందెందుకు కొడ్తం బహెన్, ఉత్త బొమ్మది చేపిద్దాం" అన్నాడు సంగప్ప.

మహబూబ్ ఒక రోజు గడువడిగాడు. మర్నాడు భోజనం గంటలో ప్యాకింగ్ షెడ్డుకు వెళ్ళి లింగానికి సంగతంతా చెప్పాడు.

"నీకు ఇష్టమేనా?" అని అడిగాడు లింగం.

"స్టేజి మీద నిలవడి ఏడాదైందన్నా. జనం మొఖాలు సూడక ఏడాదైంది. వాయించనీకి రాకున్నా ఆడ నిలవడితె సాలనిపిస్తున్నది. నువ్వు చేసిస్తవా?"

లింగం ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. వాళ్ళింట్లో దసరా రోజు ఉలి, బాడిస, రంపం కడిగి పసుపు కుంకుమ పెట్టనిదే నీళ్ళు కూడా తాగరు. వాయించే వస్తువును పగలడానికని తయారుచేయడం అతనికి మింగుడుపడలేదు. ఇంటికి పోయి భార్య పుష్పమ్మకు చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. చేతులాపకుండానే అన్నది:

"కొబ్బరికాయ పగలగొడ్తలేమా? మిషన్ల కాడ గుమ్మడికాయ కొడ్తలేరా? పగలగొట్టుడంత పాపమే అయితే దేవుడు ఊకుంటడా? ఆ పిలగాడు మనుషుల్లకు వస్తనంటున్నడు. చేసియ్యి."

లింగం మొదటి గిటారు పెట్టెల చెక్కతోనే చేశాడు. టెంట్ హౌస్ వెనక సిమెంటు గచ్చు మీద పరీక్ష పెట్టారు. మహబూబ్ ఎత్తి కొట్టాడు. గిటారు పగల్లేదు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి అది గచ్చు మీంచి ఎగిరొచ్చి అతని మోకాలికే తగిలింది. సంగప్ప కుర్చీలో కూర్చొని కడుపు పట్టుకొని నవ్వాడు. మహబూబ్ కూడా మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. ప్రమాదం జరిగాక అతను నవ్వడం లింగం చూసింది అదే మొదలు.

ఇరవై ఏళ్ళుగా లింగం నేర్చినదంతా వస్తువు ఊడిపోకుండా, విరగకుండా చేయడమే. లారీలో పడి బొంబాయిదాకా పోయినా అతని పెట్టె మేకు కదిలేది కాదు. ఇప్పుడు ఒక్క దెబ్బకు పగిలేట్టు చేయడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. వెనక పలక మీద రంపంతో సన్నటి గాటు పెట్టాడు. మంచి సరేసు మానేసి మైదాపిండి జిగురు వాడాడు. ముందు వరసలో పిల్లలు కూర్చుంటారు కాబట్టి చెక్క ముక్కలు ఎగరకుండా లోపల పాత ధోవతి గుడ్డ అంటించాడు. సైకిలు బ్రేకు తీగలు విప్పి తంతులుగా బిగించాడు. ఈసారి గిటారు చక్కగా రెండు ముక్కలైంది. కానీ చూస్తే ఏదో ఖాళీ డబ్బా విరిగినట్టుంది, అంతే.

"ఉత్త డబ్బా పగిలితె ఏముంటది?" అన్నది పుష్పమ్మ. "లోపల పూలు పొయ్యిండ్రి."

ఆమే బంతిపూల రెక్కలు తుంచి, కాస్త చమ్కీ కలిపి, గిటారు గుండ్రటి నోట్లోంచి నింపింది.

ఆ ఏడు వినాయక చవితికి కార్మికుల కాలనీలో పందిరి వేశారు. సాయంత్రం ఇంకా వెలుతురుండగానే ఆర్కెస్ట్రా మొదలైంది. ఆఖరి పాటకు మహబూబ్ మెరుపుల చొక్కా తొడుక్కొని స్టేజి ఎక్కాడు. ఎడమచేతికి నల్లటి గ్లౌజు. తెర వెనక హైదరాబాద్ గిటారిస్టు కుర్రాడు వాయిస్తుంటే ముందు మహబూబ్ మూగ తీగల మీద చెయ్యి ఆడించాడు. పాట ముగియగానే గిటారును తల మీదికెత్తి కొట్టాడు. ఒక్క దెబ్బ. పసుప్పచ్చని రెక్కలు గుప్పున లేచి, డ్రమ్ముల మీద, మైకుల మీద, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మల నెత్తుల మీద పడ్డాయి. ఒక నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత కాలనీ కాలనీయే లేచి నిలబడింది. బీహార్ నుంచి వచ్చిన కార్మికులు "ఏక్ ఔర్, ఏక్ ఔర్" అని ఈలలు వేశారు.

అప్పటినుంచి సంగప్ప ఆర్కెస్ట్రా అంటే పూల గిటారే. సంగారెడ్డిలో పెళ్ళిళ్ళు, పటాన్‌చెరులో వలీమా విందులు, బొంతపల్లి జాతర, ఏదో కంపెనీ జట్టు క్రికెట్‌లో గెలిచిన పండగ, అన్నిటికీ పిలుపులే. ఎవరింట్లో శుభకార్యమైనా చివర గిటారు పగలాలి, పూలు పడాలి. రెక్కలు ఒళ్ళో పడితే మంచిదని కొందరు ఆడవాళ్ళు కొంగున కట్టుకునేవారు కూడా. లింగం ప్రతి ఆదివారానికి ఒకటి చేసేవాడు. రంగు వేయడంతో కలిపి నాలుగు రోజుల పని. స్టేజి పక్కన ఒక మూల కూర్చొని, తన నాలుగు రోజుల పని పూలై లేచిపోవడం చూసేవాడు. మొదట్లో ఆ దెబ్బ పడగానే కళ్ళు మూసుకునేవాడు. తర్వాత జనం మొహాలు చూడడం అలవాటు చేసుకున్నాడు. ఆ మొహాలు చూస్తే బాధ ఉండేది కాదు.

మహబూబ్ కూడా సంతోషంగానే ఉన్నాడు. దారిలో జనం పేరుపెట్టి పలకరిస్తున్నారు. అయితే స్టేజి పక్కనుంచి చూసే లింగం ఒకటి కనిపెట్టాడు. గిటారు చేతికిచ్చిన ప్రతిసారీ మహబూబ్ దాని మెడ దగ్గరికి చెవి వంచి, పైన ఉన్న శ్రుతి మరలు తిప్పబోయేవాడు. అవి మరలు కావు, ఊరికే కొట్టిన చెక్క మేకులు. తిరగవు. ఆ సంగతి గుర్తొచ్చి చెయ్యి తీసేసేవాడు. ప్రతి ఆదివారం అదే.

ఒకసారి లింగం అడిగాడు. "చేతులు మార్సుకోని పడ్తె రాదా తమ్మీ? కుడిచేత్తోని నొక్కి, ఎడమచేత్తోని మీటితే?"

"మీటనీకి బొటనవేలు, ఇంకో వేలు ఉంటె సాలు. కని తీగెలు తలకిందులైతయన్నా. ఉత్తగ తీగెలు మార్సితె గూడ కాదు, లోపలి కట్టు అంత కుడిచేతోనికే ఉంటది. గిటార్‌నే అద్దంల సూసినట్టు ఉల్టా పుట్టియ్యాలె. గసుంటిది ఈడేడ దొరుకుతది" అని మహబూబ్ నవ్వి ఊరుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత, మహబూబ్ డ్యూటీలో ఉన్న వేళ, లింగం వాళ్ళింటి గడపలో నిలబడ్డాడు.

"చెల్లె, మంచం కిందిది పది దినాలు నాకియ్యి. గీత గూడ పడనియ్య."

గౌసియా గిటారును గోనెసంచిలో పెట్టిచ్చింది. పాత దుప్పట్లో రెండు దిండ్లు చుట్టి మంచం కింద పెట్టింది. భర్త ఆ దుప్పటి విప్పడని ఆమెకు తెలుసు. అదే ఆమె దుఃఖం కూడా.

లింగం ఆ గిటారును విప్పలేదు. గుండ్రటి నోట్లోంచి చెయ్యి పెట్టి లోపలి పట్టీలను వేళ్ళతో తడిమాడు. పగిలిన అద్దం ముక్క దూర్చి, టార్చి వేసి చూశాడు. పాత పేపరు మీద గీసుకొని, ఆ పేపరును కిటికీకి అంటించి వెనకవైపునుంచి మళ్ళీ గీశాడు. అలా అద్దంలో చూసినట్టు ఉల్టా బొమ్మ వచ్చింది. పదో రోజున గిటారును గౌసియాకు తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజుల్లోనే కంపెనీకి జర్మనీనుంచి ఒక మిషన్ వచ్చింది. దాన్ని ప్యాక్ చేసిన పైన్ చెక్కలు తేలికగా, నిలువు చారలతో, కణుపు లేకుండా ఉన్నాయి. వేలితో కొడితే మోగాయి. మేనేజరును అడిగి నాలుగు చెక్కలు ఇంటికి తెచ్చుకున్నాడు. పక్క పట్టీలను నీళ్ళలో నానబెట్టి, నిప్పుల మీద కాల్చిన ఇనుప పైపుకు ఆనించి వంచాడు. ఎన్ని విరిగాయో లెక్కలేదు.

మొదటి ఉల్టా గిటారు తీగెలు బిగించిన మూడో రోజుకు పొట్ట లోపలికి కుంగింది. రెండో దానికి మెడ వంగింది. పారేయబుద్ధి కాక లింగం ఆ రెంటికీ మంచి తీగెలు, మరలు తీసేసి, ఎప్పటి బ్రేకు తీగలు, చెక్క మేకులే బిగించి, వెనక గాటు పెట్టి, పూలు నింపి, స్టేజికి పంపాడు. రెండోది పగిలిన రోజు మహబూబ్ కిందికి దిగి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఇయ్యాల్టిది పలికింది."

"ఏంది?"

"పగిలేటప్పుడు. మిగిలినయన్ని టప్పుమంటయి. ఇది పలికింది. కొట్టకుండ ఉంటె బాగుండు అనిపించింది."

"కట్టె కొత్తది తమ్మీ" అన్నాడు లింగం. దారి సరైనదేనని అతనికి అప్పుడు నమ్మకం కుదిరింది.

మూడో గిటారు నిలిచింది. నెల రోజులు గోడకు వేలాడదీసి చూశాడు. పొట్ట కుంగలేదు, మెడ వంగలేదు. హైదరాబాద్ కుర్రాడిని ఇంటికి పిలిచి శ్రుతి చేయించాడు. అతను వాయించబోతే చేతులు తారుమారై, "నా వల్ల కాదు, ఇది ఆయనకే" అని నవ్వి ఇచ్చేశాడు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున లింగం, పుష్పమ్మ మహబూబ్ ఇంటికి వెళ్ళారు. ఆ సాయంత్రం సంగారెడ్డిలో ప్రోగ్రాము ఉంది. ఎప్పటిలాగే పగలగొట్టే గిటారు తెచ్చారనుకొని మహబూబ్ సంచిలోంచి తీశాడు. తీసి, అలవాటుగా వెనక్కి తిప్పి, గాటు ఎక్కడుందోనని బొటనవేలితో తడిమాడు. ఆ గాటు చూసుకొనే అతను దెబ్బ వేసేవాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండుసార్లు వేలు నడిపాడు.

"అన్నా, గాటు పెట్టుడు మర్సినవ్."

"మర్వలే."

మహబూబ్ తలెత్తి చూశాడు. తర్వాత గిటారును ముందుకు తిప్పాడు. లావు తీగె ఎక్కడుందో, సన్న తీగె ఎక్కడుందో చూశాడు. ఆలోచించకుండానే దాన్ని కుడి ఎడమలు మార్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది ఒదిగి కూర్చున్నది. ఎడమచేతి బొటనవేలితో ఒక్కసారి మీటాడు. చిన్న గది నిండా నాదం నిలబడింది. మహబూబ్ మీటిన వేలు అక్కడే ఉంచి కదలకుండా కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు.

చాయ్ పెడతానని లోపలికి పోయిన గౌసియా ఎంతకీ బయటికి రాలేదు. పుష్పమ్మ లేచి వెళ్ళి చూస్తే, స్టవ్ వెలిగించకుండానే ఆమె గోడకానుకొని నిలబడి ఉంది. పుష్పమ్మే చాయ్ పెట్టింది.

"ఎందుకు చేసినవన్నా ఇంత?" అని మహబూబ్ చివరికి అడిగాడు.

లింగం చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మూడేండ్లు నువ్వు నీడన కూసోని వాయిస్తుంటివి. రంపం గుంజుతుంటె నాకు రెక్కల నొప్పి తెల్వకపోతుండె. నీకు ఎన్నడన్న చెప్పిన్నా? చెప్పలే. గిట్ల చెప్పిన అనుకో."

చేతులు మారితే విద్య మళ్ళీ మొదటినుంచే. మహబూబ్ ముప్పై నాలుగేళ్ళ వయసులో అక్షరాలు దిద్దే పిల్లవాడయ్యాడు. కుడిచేతి వేళ్ళు తీగెలకు కోసుకుపోయి రక్తం కారాయి, ఎండాయి, కాయలు కాచాయి. మనసుకు తెలిసిన పాట వేళ్ళకు తెలియక విసుగెత్తి గిటారును పక్కన పెట్టేసిన రోజులున్నాయి. పెట్టేసినప్పుడల్లా గౌసియా దాన్ని తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టేది. ఆదివారాలు పగలగొట్టడం మాత్రం ఆపలేదు. "పగలగొట్టుడే నన్ను నిలవెట్టింది, దాన్ని ఎట్ల ఇడుస్త" అనేవాడు.

ఏడాదిన్నర పట్టింది. తొంభై ఏడు దసరాకు కంపెనీలో ఆయుధపూజ. మిషన్లకు పసుపు రాసి, మామిడాకులు కట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవరణలో సంగప్ప ఆర్కెస్ట్రా. నాలుగు వందల మంది కార్మికులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు కూర్చున్నారు. ఆఖరి పాట వచ్చేసరికి అందరూ ముందుకు జరిగారు. మహబూబ్ వచ్చాడు. చేతికి గ్లౌజు లేదు. కుర్చీ వేయించుకొని కూర్చొని, లింగం చేసిన గిటారును ఉల్టా చేతులతో పట్టుకొని ఒక్కడే వాయించాడు. తెర వెనక ఎవరూ లేరు. ఒకటి రెండు చోట్ల వేలు జారింది. జారినచోట నవ్వి, మళ్ళీ అందుకున్నాడు. ప్రెస్సు పడిన రోజు అక్కడున్నవాళ్ళు చాలామంది ఆ జనంలో ఉన్నారు. చప్పుడు చేయకుండా విన్నారు.

వాయించడం అయ్యాక మైకు దగ్గరికి వచ్చాడు.

"లింగమన్నా, జెర పైకి రా."

లింగం తల అడ్డంగా ఊపాడు. పక్కనున్నవాళ్ళు లేపి తోశారు. ఉతికిన తెల్లచొక్కాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టేజి మీద నిలబడ్డాడు.

"మూడేండ్ల సంది మీరు నాకు చప్పట్లు కొట్టిండ్రు" అన్నాడు మహబూబ్. "నేను పగలగొట్టినయన్ని చేసింది ఈ అన్న. ఒక్కొక్కటి చేయనీకి నాలుగు దినాలు. నాకు పగలగొట్టనీకి ఒక్క దెబ్బ. ఏ ఒక్కదాన్నీ మీరు సరిగ సూసింది లేదు. ఇప్పుడు నేను వాయించింది గూడ ఈయన చేసిందే. నా చెయ్యి పోయిననాడు ఆ చేతిని కిందికి దించకుండ పట్టుకున్నడు. ఇయ్యాల్టిదాక దించలే."

సంగప్ప లోపలినుంచి పూలు నింపిన గిటారు తెచ్చాడు. మహబూబ్ అందుకొని లింగం చేతికిచ్చాడు.

"ఇయ్యాల నువ్వు కొట్టన్నా."

"నేనా? నాకెట్లొస్తది?"

"ఎవరికి రావాలె ఇంక?"

లింగం గిటారును రెండు చేతులా పట్టుకొని చూశాడు. రెండు రోజుల కిందట తానే రంగు వేసింది. దాన్ని కళ్ళకద్దుకున్నాడు. జనంలో పుష్పమ్మ ఎక్కడుందో వెతికాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. గాటు కిందికి వచ్చేట్టు జాగ్రత్తగా తిప్పుకొని, గుమ్మడికాయ కొట్టేవాడిలా ఎత్తి కొట్టాడు. రెక్కలు మొదట అతని మీదే పడ్డాయి. నెత్తి మీద, చొక్కా జేబులో, మీసాల్లో బంతిపూలు. మహబూబ్ అతన్ని కావలించుకున్నాడు. జనం చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే, సంగప్ప మైకు పట్టుకొని రెండుసార్లు మాట్లాడబోయి ఊరుకున్నాడు.

మరో నాలుగేళ్ళకు డీజే పెట్టెలు వచ్చి ఆర్కెస్ట్రా ఆగిపోయింది. సంగప్ప టెంట్లు, కుర్చీలతో సరిపెట్టుకున్నాడు. లింగం కంపెనీ మానేసి, ఇళ్ళు వరసగా లేస్తున్న పోతిరెడ్డిపల్లిలో తలుపుల పని పెట్టుకున్నాడు. మహబూబ్ ఇంట్లోనే సాయంత్రాలు పిల్లలకు గిటారు నేర్పడం మొదలుపెట్టాడు.

రెండు వేల మూడులో సంగారెడ్డి కాలేజీలో చదివే ఒక అమ్మాయి లింగం దుకాణానికి వచ్చింది. పేరు శశిరేఖ. పుట్టుకతో ఎడమచేతి వాటం. ఉల్టా గిటారు చేసే మేస్త్రి ఇక్కడ ఉన్నాడని ఎవరో చెప్పారట. లింగం తలుపు చెక్క చిత్రిక పట్టడం ఆపి, ఆమె చేతులు రెండూ చూపించమన్నాడు. వేళ్ళ పొడవు చూశాడు.

"చేస్త బిడ్డా. మూడు నెలలు పడ్తది. అందాక ఊకె కూసోకు. పటాన్‌చెరుల మహబూబ్ సార్ ఉన్నడు, ఆయన దగ్గరికి పో. ఎడమచేత్తోని మీటుడు ఆయన్ని మించి చెప్పేటోడు లేడు. లింగం పంపిండని చెప్పు."

ఆమె అడ్రసు రాసుకొని బయల్దేరింది. అటువైపు పోయే బస్సు దొరికేదాకా లింగం రోడ్డు మీద ఆమెతోపాటు నిలబడ్డాడు.